బాఖ్ ఐదో బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టో: వినేవాళ్లూ వాయించేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కన్చెర్టో ఏమిటి? ఎప్పటిది?

కన్చెర్టో అంటే సోలో వాయిద్యాలూ వాటితో ఒక జట్టూ కలిసి వాయించే రచన. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1721 మార్చి 24 తేదీ వేసి, బ్రాండెన్‌బర్గ్ మార్‌గ్రేవ్ (ప్రభువు) క్రిస్టియన్ లుడ్విగ్‌కు ఆరు కన్చెర్టోల రాతప్రతిని అంకితమిచ్చాడు. అప్పుడాయన కోతెన్ అనే చిన్న సంస్థానంలో లియోపోల్డ్ రాజు దగ్గర ఆస్థాన సంగీతాధిపతి. రాతప్రతి మీద ఫ్రెంచిలో ఉన్న పేరుకు ‘అనేక వాయిద్యాలతో ఆరు కన్చెర్టోలు’ అని అర్థం. బ్రాండెన్‌బర్గ్ అన్న పేరు బాఖ్ పెట్టింది కాదు, 19వ శతాబ్దంలో ఆయన జీవితచరిత్ర రాసిన ఫిలిప్ స్పిట్టా వల్ల స్థిరపడింది. ఆ ఆరింటిలో ఐదోది డి మేజర్‌లో ఉంది. బాఖ్ రచనల జాబితాలో దీని సంఖ్య బీడబ్ల్యూవీ 1050.

రాతప్రతి వందేళ్లకు పైగా గ్రంథాలయాల్లో మరుగున పడి ఉంటే 1849లో సంగీత పండితుడు సీగ్‌ఫ్రీడ్ డేన్ వెలికితీశాడు. మరుసటి ఏడాది అచ్చయింది. ఇప్పుడది బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉంది.

దీన్ని కన్చెర్టో గ్రోసో అనవచ్చా?

అనవచ్చు, కానీ ఆ పేరుతో పూర్తి బొమ్మ రాదు. ఇటలీ స్వరకర్త కొరెల్లి తరహా కన్చెర్టో గ్రోసోలో రెండు వయొలిన్లు, ఒక సెల్లో చిన్న జట్టుగా వాయిస్తాయి. పెద్ద జట్టు అదే సంగీతాన్ని అందుకొని బలం చేకూరుస్తుంది. మరో ఇటలీ స్వరకర్త వివాల్డి కన్చెర్టోలో సోలో వాయించేవాళ్ల పని వేరు, జట్టు పని వేరు. జట్టు ఒక పల్లవి లాంటిది వాయిస్తుంది, మధ్యలో సోలోలు వస్తాయి. బాఖ్ ఇక్కడ వివాల్డి కట్టడాన్ని తీసుకొని, ఒకరి చోట ముగ్గురిని కూర్చోబెట్టాడు. ఫ్లూట్, వయొలిన్, హార్ప్సికార్డ్ (పియానో లాంటిదే, కానీ మెట్టు నొక్కితే తీగను మీటే వాయిద్యం). ఈ ముగ్గురికీ సమాన స్థానం ఉన్నట్టు మొదలవుతుంది. అలా ఉండదని వింటున్నకొద్దీ తెలుస్తుంది.

ఎంతమంది కావాలి?

ఏడుగురు చాలు. రాతప్రతిలో ఉన్నవి ఏడు వరుసలే. సోలోకు ఫ్లూట్, వయొలిన్, హార్ప్సికార్డ్. జట్టులో ఒక వయొలిన్, ఒక వయోలా, ఒక సెల్లో, ఒక వయొలోన్. వయొలోన్ అంటే ఆ కాలపు పెద్ద బాస్ వాయిద్యం. దాని బదులు డబుల్ బాస్ పెట్టుకుంటారు.

వరుసకు ఒక్కరే ఉంటే హార్ప్సికార్డ్ చక్కగా వినిపిస్తుంది. మా సలహా ఎప్పుడూ ఇదే. పెద్ద హాలు కాబట్టి జట్టు పెంచాలనుకుంటే మూడు వయొలిన్లు, రెండు వయోలాలు, ఒక సెల్లో, ఒక బాస్ దగ్గర ఆగండి. సోలోవాళ్లతో కలిపి పదిమంది. అంతకు మించితే ఫ్లూట్ కింది స్థాయి స్వరాలూ హార్ప్సికార్డ్ కుడిచేయీ మునిగిపోతాయి. డబుల్ బాస్ దొరకకపోతే సెల్లో ఒక్కటే సరిపోతుంది. మొదటి భాగం కాస్త పలచగా వినిపిస్తుందంతే.

జట్టులో రెండో వయొలిన్ ఎందుకు లేదు?

మామూలుగా ఉండాలి. మిగతా కన్చెర్టోల్లో అలవాటుగా వయోలా పట్టుకునే బాఖ్ ఈసారి హార్ప్సికార్డ్ దగ్గర కూర్చున్నాడని, ఆ ఖాళీలోకి రెండో వయొలిన్ వాయించేవాడు వెళ్లాడని చాలామంది ఊహ. రాతపూర్వక ఆధారం లేదు గానీ నమ్మదగిన ఊహే. జట్టు పలచబడటం హార్ప్సికార్డ్‌కు మేలు చేసిన మాట మాత్రం నిజం. మీ దగ్గర వయొలిన్లు మిగిలాయి కదా అని కొత్తగా రెండో వరుస రాసి కలపకండి.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది ఎక్కడ అందుతుంది?

ముందు రిటోర్నెల్లో పట్టుకోండి. మొదటి భాగం ఆరంభంలో జట్టంతా కలిసి వాయించే దాదాపు తొమ్మిది బార్ల సంగీతం అది. బార్ అంటే మన ఆవర్తనం లాంటి కొలత. స, గ, ప, పై స అంటూ ఒక్కో స్వరం రెండేసి సార్లు గబగబా మెట్లెక్కుతుంది. కృతిలో అనుపల్లవి అయ్యాక, చరణం అయ్యాక పల్లవికి వచ్చినట్టు ఇక్కడ సోలోలు అయిన ప్రతిసారీ ఈ రిటోర్నెల్లో తిరిగి వస్తుంది.

తేడా రెండు చోట్ల ఉంది. పల్లవి పూర్తిగా వస్తుంది. రిటోర్నెల్లో మధ్యలో ముక్కలు ముక్కలుగా వచ్చి, భాగం చివర్లో గానీ నిండుగా వినిపించదు. రెండోది, పల్లవి ఎన్నిసార్లు వచ్చినా ఆధార షడ్జం మారదు. ఇక్కడ షడ్జమే కదులుతుంది. డి మేజర్ అంటే మన లెక్కలో రెండు శ్రుతి, శంకరాభరణం స్వరస్థానాలు. అక్కడి నుంచి రిటోర్నెల్లో పంచమాన్ని షడ్జం చేసుకొని ఎ మేజర్‌లో వస్తుంది, చతుశ్రుతి ధైవతాన్ని షడ్జం చేసుకొని బి మైనర్‌లో వస్తుంది. 71వ బార్ దగ్గర అంతర గాంధారం మీదికి, అంటే ఎఫ్ షార్ప్ మైనర్‌కు వెళ్తుంది. జట్టు దాదాపు ఊపిరి బిగపట్టినట్టు మెత్తబడి, ఫ్లూట్, వయొలిన్ ఒకదాని మాట ఒకటి అందుకుంటూ సాగే చోటు అదే. తంబురా శ్రుతి చెవిలో ఉంచుకొని వినేవాళ్లకు ఇక్కడ కాళ్ల కింద నేల జరిగినట్టుంటుంది. ఆ అనుభూతి కోసమే బాఖ్ అలా రాశాడు. తిరిగి డికి చేరినప్పుడు కలిగే ఊరట దాన్నుంచే వస్తుంది.

హార్ప్సికార్డ్ గురించి అంత ప్రత్యేకంగా ఎందుకు చెబుతారు?

అప్పటిదాకా జట్టులో హార్ప్సికార్డ్ పని పక్కవాద్యం పని. బాస్ వరుస మీద అంకెలు వేసి ఉంటాయి. ఆ అంకెల్ని చూసి ఎడమచేత్తో బాస్, కుడిచేత్తో తగిన స్వరాల గుంపులు వాయిస్తూ అందరినీ కలిపి ఉంచాలి. దాన్ని కాంటిన్యువో అంటారు. ఈ కన్చెర్టో మొదట్లోనూ హార్ప్సికార్డ్ అదే పనిలో ఉంటుంది. జట్టు ఆగగానే కుడిచేతికి సొంత పాట వస్తుంది. మళ్లీ జట్టు వస్తే మళ్లీ అంకెలు. ఇలా పోతూ పోతూ, ఫ్లూట్, వయొలిన్ మాట్లాడుకుంటుండగా హార్ప్సికార్డ్ వాటి వెనక ముప్ఫైరెండో వంతు స్వరాల, అంటే దెబ్బకు ఎనిమిది స్వరాల, పరుగు మొదలెడుతుంది. చివరికి ఆ రెండూ మెల్లగా తప్పుకుంటాయి. 154వ బార్ నుంచి 218 దాకా 65 బార్లు హార్ప్సికార్డ్ ఒంటరిగా వాయిస్తుంది. మొదటి భాగం మొత్తం 227 బార్లు. అంటే పావు భాగం కన్నా ఎక్కువ ఆ ఒక్క వాయిద్యానిదే.

తని ఆవర్తనం విన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గంటసేపు పాట వెనక నిలబడిన మృదంగానికి అందరూ చోటిచ్చి కూర్చుంటారు. అది తన శక్తినంతా చూపించి, కోర్వైతో సరిగ్గా ఎత్తుగడకు తెచ్చి, పల్లవిని గాయకుడి చేతికి అప్పగిస్తుంది. 219వ బార్‌లో జట్టంతా రిటోర్నెల్లో ఎత్తుకునే క్షణం అచ్చంగా అలాంటిదే. కీబోర్డ్ వాయిద్యాన్ని సోలో పీటమీద కూర్చోబెట్టిన మొదటి కన్చెర్టో ఇదేనని సాధారణంగా చెబుతారు. ఈ కన్చెర్టో వాయించే ఎవరైనా మొదట అర్థం చేసుకోవలసింది పక్కవాద్యం మెల్లమెల్లగా ముందుకు రావడమే. మొదటి బార్ నుంచే హార్ప్సికార్డ్‌ను మైకుపెట్టి ముందుకు తోస్తే కథ అక్కడే అయిపోతుంది.

బాఖ్ చేతికి కొత్త వాయిద్యం రావడం కూడా ఒక కారణమని చాలామంది పండితుల అభిప్రాయం. బెర్లిన్‌లో మీట్కె అనే వాయిద్య నిర్మాత తయారుచేసిన పెద్ద హార్ప్సికార్డ్ కోసం 1719 మార్చిలో కోతెన్ ఖజానా నుంచి ప్రయాణ ఖర్చులతో సహా 130 థాలర్లు ఇచ్చినట్టు లెక్కల్లో ఉంది.

ఆ 65 బార్లు మనోధర్మమా? మార్చుకోవచ్చా?

ప్రతి స్వరం రాసి ఉంది. మార్చకూడదు. వినడానికి అప్పటికప్పుడు పుట్టినట్టుండేలా రాయడంలోనే బాఖ్ గొప్పతనం ఉంది. మొదట సోలోల్లో విన్న చిన్న చిన్న పలుకుల్నే తీసుకొని చాలాసేపు అల్లుతుంది. తర్వాత ముప్ఫైరెండో వంతు స్వరాల పరుగులు, అర్ధస్వరాల మీదుగా జారే స్వరగుంపుల విరుపులు వస్తాయి. అడుగున ఎ స్వరం, అంటే మన పంచమం, పట్టు విడవకుండా నిలబడి ఉంటుంది. ఆఖర్న మొదటి పలుకు తిరిగొచ్చి ముగుస్తుంది.

ఇదే కన్చెర్టోకు ఇంకా పాత రూపం ఒకటి ఉంది, బీడబ్ల్యూవీ 1050ఎ. దాంట్లో ఈ సోలో ఇరవై బార్లు కూడా ఉండదు. వేళ్లు ఇంకా సిద్ధంగా లేని విద్యార్థి దాన్ని వాయించడం తప్పేమీ కాదు. 65 బార్ల రూపాన్ని మధ్యలో కత్తిరించి వాయించడం కన్నా చాలా నయం.

ఏ వేగంలో వాయించాలి?

మొదటి భాగం వేగాన్ని జట్టు చేత నిర్ణయించనివ్వకండి. ఆరంభపు పదహారో వంతు స్వరాలు వయొలిన్లకు తేలిక, అందుకే వాళ్లు నిమిషానికి 104, 108 దెబ్బలంటూ బయల్దేరతారు. లెక్క చూడండి. లయ కొట్టే పరికరం మెట్రొనోమ్ నిమిషానికి 95 దెబ్బలు కొడితే, ముప్ఫైరెండో వంతులు దెబ్బకు ఎనిమిది, నిమిషానికి 760. సెకనుకు పన్నెండు పైచిలుకు స్వరాలు. హార్ప్సికార్డ్‌లో ప్రతి స్వరానికీ చిన్న ముక్క తీగను మీటి తిరిగి కిందికి దిగాలి. అంతకు మించిన వేగంలో చాలా వాయిద్యాలు స్వరం మింగేస్తాయి. హార్ప్సికార్డ్ వాయించే మనిషి కష్టమైన పరుగును ఏ వేగంలో శుభ్రంగా వాయించగలరో మొదటి రిహార్సల్లోనే చూసి, ఆ అంకెను అందరూ పెన్సిల్‌తో రాసుకోండి.

92 నుంచి 96 మధ్య హాయిగా ఉంటుంది. భాగం సుమారు తొమ్మిదిన్నర నిమిషాలు వస్తుంది. రెండో భాగం 49 బార్లు, నిమిషానికి 72 సగం దెబ్బల చొప్పున ఐదున్నర నిమిషాలు. మూడోది 310 బార్లు, 120 దగ్గర ఐదు నిమిషాల పైన. మొత్తం ఇరవై, ఇరవై ఒక్క నిమిషాలు.

219వ బార్‌లో అందరూ కలిసి ఎత్తుకోవడం ఎప్పుడూ తప్పుతోంది. ఎందుకు?

జట్టులోవాళ్లు 65 బార్ల విశ్రాంతిని లెక్కపెడుతూ కూర్చోవడం వల్ల. సోలోలో వేగం ఒకే తీరుగా ఉండదు, ఉండకూడదు కూడా. చివర్లో హార్ప్సికార్డ్ కాస్త ఆగి ఊపిరి తీసుకుంటుంది. అక్కడ లెక్క తప్పుతుంది, ఇద్దరు ముందు దూకుతారు, ఇద్దరు వెనకబడతారు.

లెక్క మానేయండి. సోలో చివరి నాలుగు బార్ల హార్ప్సికార్డ్ వరుసను చిన్న అక్షరాలతో ప్రతి ఒక్కరి కాగితం మీదా రాసిపెట్టండి. ఆ పలుకు వినబడగానే వయొలిన్లు విల్లు తీగ మీద ఉంచాలి. చివరి దెబ్బకు హార్ప్సికార్డ్ వాయించేవాళ్లు తలెత్తాలి, సోలో వయొలిన్ వాళ్లను చూసి ఊపిరితో సైగ ఇవ్వాలి, మిగతావాళ్లు సోలో వయొలిన్‌ను చూడాలి. హార్ప్సికార్డ్ వాయించేవాళ్లు తలెత్తగలగాలంటే చివరి రెండు బార్లు కంఠస్థం కావాలి. ఈ ఒక్క చోటునే పది పన్నెండుసార్లు వరసగా సాధన చెయ్యండి, సోలో చివరి ఎనిమిది బార్ల నుంచి మొదలుపెట్టి.

పేజీ తిప్పడం ఇంకో ఇబ్బంది. సోలో మధ్యలో ఖాళీ చెయ్యి దొరకదు. పేజీలు జెరాక్స్ తీసి పొడవాటి అట్టమీద పక్కపక్కన అతికించుకోండి, లేదా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.

హార్ప్సికార్డ్ వినబడటం లేదు. ఏం చెయ్యాలి?

కారణం చాలావరకు జట్టే. సోలోల సమయంలో జట్టుకు మెత్తగా వాయించమని బాఖ్ రాశాడు. ఆ సూచనను అక్షరాలా పాటించాలి, అంటే విల్లులో పైసగం మాత్రమే వాడి, పక్కవాళ్ల ఫ్లూట్ వినిపించేంత మెత్తగా. ఇది కుదిరాక వాయిద్యం సంగతి చూడండి. మూత పూర్తిగా తెరిచి, తెరిచిన వైపు శ్రోతలకు ఉండాలి. వయొలిన్లు ఆ తెరిచిన వైపుకు అడ్డంగా నిలబడకూడదు. ఒకదాని మీద ఒకటి రెండు మెట్ల వరుసలున్న వాయిద్యమైతే సోలోలో రెండు ఎనిమిదడుగుల తీగల వరుసల్నీ (మామూలు స్థాయిలో మోగేవి) కలిపి వాడండి. ఒక స్థాయి పైన మోగే నాలుగడుగుల వరుసను మొత్తం 65 బార్లూ వాడితే చెవికి గుచ్చుకుంటుంది, ఆఖరి పరుగుల దాకా దాచుకోండి.

ఇవన్నీ చేశాక కూడా మైకు కావాలంటే ఒక్కటి, వాయిద్యానికి అడుగున్నర ఎత్తులో, తక్కువ స్థాయిలో.

415 అంటారు, 440 అంటారు. ఏది?

పాతకాలపు వాయిద్యాలతో వాయించే జట్లు నేడు ఎ స్వరాన్ని 415 హెర్ట్జ్‌కు పెట్టుకుంటాయి. నేటి వాయిద్యాలకు 440. రెండింటికీ మధ్య ఒక అర్ధస్వరం దూరం. మన లెక్కలో రెండు శ్రుతి కచేరీ ఒకటిన్నర శ్రుతికి దిగినట్టు. ఫ్లూట్ చెక్కదైతే, వయొలిన్లకు నరం తీగలుంటే 415. మామూలు లోహపు ఫ్లూట్ ఉంటే చర్చే లేదు, 440. స్టీలు తీగలున్న వయొలిన్‌ను అర్ధస్వరం దించితే తీగలు వదులై నాదం చచ్చిపోతుంది.

హార్ప్సికార్డ్ శ్రుతి గంటలోనే దిగిపోతుంది. ఎలా?

చెక్కకు తేమ పడదు. ఏసీ హాల్లో, ప్రేక్షకులు నిండిన హాల్లో ఇది తప్పని బెడద. కచేరీ రోజు ఉదయమే వాయిద్యాన్ని హాలుకు చేర్చండి. సాయంత్రం ఏసీ ఎంత చల్లగా ఉంటుందో మధ్యాహ్నం నుంచే అంత పెట్టించండి. స్టేజి దీపాలన్నీ వేయించండి. కచేరీకి రెండు గంటల ముందు మొదలుపెట్టి ముందు ఒక ఎనిమిదడుగుల వరుస, దాన్ని బట్టి రెండోది, చివర నాలుగడుగులది శ్రుతి చెయ్యండి. ఐదు స్థాయిల వాయిద్యంలో మూడు వరుసలంటే 183 తీగలు, కనీసం గంట పడుతుంది. తలుపులు తెరిచేలోపు మరో పదిహేను నిమిషాలు సరిచూసుకోవడానికి ఉంచుకోండి. ఫ్లూట్ మాత్రం ఊపిరి వేడికి పైకెక్కుతుంది, కాబట్టి వాయించి వేడెక్కాకే శ్రుతి కలపాలి.

స్వరాల మధ్య దూరాల పంపకానికి వల్లోట్టి పద్ధతి బాగుంటుంది. అందులో ఎఫ్ నుంచి బి వరకు వరుసగా వచ్చే ఆరు పంచమాలు కాస్త తగ్గి ఉంటాయి, మిగతా ఆరూ శుద్ధం. డి మేజర్ హాయిగా మోగుతుంది, 71వ బార్ తర్వాత వచ్చే ఎఫ్ షార్ప్ మైనర్ కాస్త కరకుగా ఉంటుంది. ఆ కరకుదనం సంగీతానికి నప్పుతుంది.

హార్ప్సికార్డ్ దొరకదు. కీబోర్డ్‌తో సరిపెట్టవచ్చా?

మంచి పియానో ఉంటే పియానోతో వాయించండి. కాలి పెడల్ జోలికి వెళ్లకుండా, ఎడమచెయ్యి తేలిగ్గా. ఎలక్ట్రానిక్ కీబోర్డ్ అయితే 88 మెట్లది తీసుకొని హార్ప్సికార్డ్ నాదం పెట్టి, టచ్ సెన్సిటివిటీ ఆపేయండి. అసలు వాయిద్యంలో మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా నాదం ఒకటే. ఆ బటన్ ఆపకపోతే పరుగుల్లో బలహీనమైన వేళ్ల స్వరాలు మాయమవుతాయి. ట్రాన్స్‌పోజ్ బటన్‌ను ఒక మెట్టు కిందికి తెస్తే దాదాపు 415 వచ్చేస్తుంది.

ఫ్లూట్‌కు ఈ రచన ఎందుకంత సులువుగా ఉంటుంది, మళ్లీ ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

బాఖ్ నాటి అడ్డఫ్లూట్ చెక్కది, ఒకే ఒక్క మీట ఉంటుంది. దాని అడుగు స్వరం డి. అందుకే డి మేజర్ దానికి పుట్టిల్లు. షార్పులు పెరిగిన చోట కొన్ని స్వరాలు వేళ్లు అడ్డంగా వేసి తెప్పించాలి, అవి మసకగా పలుకుతాయి. నేటి లోహపు ఫ్లూట్‌తో సమస్య తలకిందులవుతుంది. పై స్థాయిలో అది సోలో వయొలిన్‌ను మింగేస్తుంది. పైకి వెళ్లినప్పుడు తగ్గించుకోవాలి, కంపనం బాగా తగ్గించాలి.

రెండో భాగంలో జట్టు ఎందుకు లేదు?

అఫెట్టువోసో అంటే అనురాగంతో అని. బి మైనర్‌లో ముగ్గురు సోలోవాళ్లు మాత్రమే వాయిస్తారు. ఇక్కడ హార్ప్సికార్డ్ కుడిచెయ్యి కొన్నిచోట్ల పాట పాడుతుంది, కొన్నిచోట్ల అంకెలు చూసి తోడు నడుస్తుంది. ఆ రెండు పనుల మధ్య తేడా శ్రోతకు తెలియాలి. తోడు నడిచేటప్పుడు మూడు స్వరాలకు మించకుండా, కాస్త విరిచి వాయించండి.

మూడో భాగంలో చుక్క పెట్టిన లయనూ మూడేసి స్వరాలనూ ఎలా కలపాలి?

ఇక్కడే ప్రతి కొత్త జట్టూ తగువులాడుకుంటుంది. కాగితం మీద 2/4 తాళం, ఒక వరుసలో చుక్క ఎనిమిదో వంతు తర్వాత పదహారో వంతు, ఇంకో వరుసలో దెబ్బకు మూడేసి స్వరాలు. అచ్చంగా వాయిస్తే చివరి స్వరాలు ఒకదాని మీద ఒకటి పడక గతుకులొస్తాయి. ఆ కాలపు రాత అలవాటు ప్రకారం చుక్క స్వరాన్ని మెత్తబరిచి, మూడింట రెండు, మూడింట ఒకటిగా వాయించాలి. నోటితో తకిట తకిట అంటూ మొదటి రెండక్షరాలు కలిపి మూడోది విడిగా పలికితే అదే లయ. జిగ్ నృత్యపు ఊపు అప్పుడే వస్తుంది.

సోలో వయొలిన్ ఎత్తుకుంటే ఫ్లూట్ అందుకుంటుంది, తర్వాత హార్ప్సికార్డ్. మొదటి 78 బార్లు చివర యథాతథంగా తిరిగి వస్తాయి. కాబట్టి నేర్చుకోవలసింది 232 బార్లే.

కర్ణాటక వయొలిన్ నేర్చిన నేను దీన్ని వాయించగలనా?

జట్టు వరుసను కొన్ని నెలల సాధనతో వాయించవచ్చు. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకున్న వాయిద్యమే ఇది. తీగల్ని స ప స ప నుంచి జి, డి, ఎ, ఇలకు మార్చాలి. మీ శ్రుతికి సరిపడే ప్రత్యేకపు తీగలుంటే వాటిని లాగకండి, తెగుతాయి. కొత్త సెట్ వేసుకోండి. చీలమండ మీద ఆనించే అలవాటును గడ్డం కిందికి మార్చాలి. అన్నిటికన్నా కష్టం గమకం మానడం. స్వరం నుంచి స్వరానికి జారకుండా నేరుగా దిగాలి. ట్రిల్ అని గుర్తున్నచోట పై స్వరం నుంచి మొదలుపెట్టాలి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

పాత బాఖ్ సంఘం సంపుటం కాపీహక్కు తీరిపోయింది, ఐఎంఎస్ఎల్‌పీ అనే స్వరలిపుల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో విడి వరుసల బార్ సంఖ్యలు పూర్తి స్కోరుతో సరిపోతున్నాయో లేదో మొదటి రిహార్సల్‌కు ముందే చూసుకోండి. డబ్బు పెట్టగలిగితే బేరెన్‌రైటర్ వారి ముద్రణ కొనండి.

దీని తర్వాత ఏం వినాలి?

నాలుగో బ్రాండెన్‌బర్గ్ వినండి, ఒక వయొలిన్, రెండు రికార్డర్లు (నిలువుగా పట్టి ఊదే చెక్క వేణువులు). తర్వాత రెండోది, ట్రంపెట్, రికార్డర్, ఓబో, వయొలిన్. మళ్లీ ఇవే మూడు సోలో వాయిద్యాలు కావాలంటే బాఖ్‌దే ఎ మైనర్ కన్చెర్టో, బీడబ్ల్యూవీ 1044. వివాల్డి 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేసిన మూడో సంపుటంలో నాలుగు వయొలిన్ల బి మైనర్ కన్చెర్టో ఉంది. దాన్ని బాఖ్ నాలుగు హార్ప్సికార్డులకు మార్చి రాశాడు. ఆ రెంటినీ వెంటవెంటనే వినండి.